వాల్టర్ ఏమన్నాడంటే

గేటుకు తాళం పడి ఆరు నెలలవుతున్నా, ప్రతి మంగళవారం దాన్ని ఒకసారి గుంజి చూడటం మాత్రం ఎనిడ్ క్రాడాక్ మానలేదు. ఆ రోజూ గుంజింది. గొలుసు గలగలమంది, తాళం తన మానాన తాను వేలాడింది. లోపల మిల్లు పొలంలో ఆవులు తలెత్తి చూసి, ఈవిడేనా అనుకుని మళ్ళీ గడ్డిలో మూతులు పెట్టాయి.

"రాదమ్మా అది. పోయిన వారమూ రాలేదు," అన్నాడు సిరిల్ నాక్.

"నాకు తెలుసు."

"తెలిసీ గుంజడం దేనికి?"

"నా చెయ్యి, నా ఇష్టం."

సిరిల్ బస్సు కండక్టరుగా రిటైరై చాలా కాలమైంది. అయినా అందర్నీ లోపలికి జరగమన్నట్టే మాట్లాడతాడు. అతని వెనకాల వాన కోట్లు తొడుక్కుని ఏడెనిమిది మంది ముసలీ ముతకా నిలబడ్డారు. ఆల్డర్‌స్టోలో మంగళవారం నెమ్మది నడకకు వాన అడ్డం కాదు. వానకు ఆగితే ఆ ఊళ్ళో ఎవరూ ఏడాది పొడుగునా గడప దాటరు.

గుట్టలుండవు, ఎక్కుడూ దిగుడూ ఉండదు, మోకాళ్ళు చెడినవాళ్ళు కూడా రావచ్చు, చివర్లో టీ, బన్ను అని చర్చి గోడకు కాగితం అంటించింది ఎనిడే. ఊరి చుట్టూ నడక దారులకు కొదవ లేదు. కానీ ఏ దారి పట్టినా ఎక్కడో ఒకచోట కంచె మీంచి ఎక్కి దిగాల్సిన చెక్క మెట్లు తగులుతాయి. మెట్టన్నది లేని దారి ఈ మిల్లు పొలం దారి ఒక్కటే. సంత వీధి చివర ఈ గేటు తీసుకుని లోపలికెళితే ఏటి పక్కన చదునుగా పాత మిల్లు దాకా పోవచ్చు. అక్కడ బల్ల మీద కాసేపు కూర్చుని, చర్చి వెనకనుంచి టీ కొట్టుకు చేరవచ్చు. పిల్లల బండ్లు, చక్రాల కుర్చీలు, ఊతకర్రలు అన్నీ ఆ దారినే పోయేవి.

పొలం కొన్న హాస్లమ్ గేటుకు తాళం వేసి, పక్కనే కంచె మీద కొత్త చెక్క మెట్లు కట్టించాడు. ఒక చిన్న పలక కూడా కొట్టించాడు. యజమాని అనుమతితో నడవవచ్చు, దయచేసి మెట్లు వాడండి. ఆ 'దయచేసి' అన్న మాట కంటబడితే చాలు, ఎనిడ్‌కు ఒళ్ళు మండిపోయేది. మొదటి వారం అందరూ ఎనిడ్ మొగుడు క్లెమ్ రాలేని దారిన మేమూ రామని శపథం చేశారు. మూడో వారానికి వాళ్ళకు బన్ను గుర్తొచ్చింది. ఎక్కగలిగినవాళ్ళు తలొంచుకుని మెట్లెక్కి వెళ్ళారు. ఎనిడ్, క్లెమ్ మాత్రం రోడ్డు పట్టి, సూపర్ మార్కెట్ కార్లు నిలిపే చోటు చుట్టూ తిరిగి టీ కొట్టుకు చేరుతున్నారు.

క్లెమ్‌కు రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడివైపు లాగేసింది. నాలుగు కాళ్ళ ఊతకర్ర పట్టుకుని నడుస్తాడు. మెట్లు కట్టిన కొత్తలో ఎక్కుతానని పంతం పట్టి, ఒక కాలు అటు వేసి, రెండోది ఇటే ఉండిపోయి, ముందుకూ వెనక్కూ రాలేకపోయాడు. సిరిల్, ఇంకొకాయన సాయం పట్టి బస్తా దించినట్టు దించారు. దించినవాళ్ళకు క్లెమ్ థ్యాంక్స్ చెప్పాడు, కంచెకు కూడా చెప్పాడేమోనని ఎనిడ్ అనుమానం. కాలు కంటే మాట ఎక్కువ దెబ్బ తింది. ఒక్కో మాటకూ నోట్లో వెతుక్కుంటాడు. మిల్లు పొలంలో నడిచినన్నాళ్ళూ అడుగు పడ్డప్పుడల్లా ఒక మాట బయటికొచ్చేది, కొన్నిసార్లు వాక్యం మొత్తం వచ్చేది. మాటలు నేర్పే ఆసుపత్రి అమ్మాయి కూడా, "ఆయన్ని కూర్చోబెట్టకండి, నడిపించండి," అంది. కార్ల మధ్యన నడిచినప్పటినుంచీ మాటలు మళ్ళీ లోపలికి పోయాయి. వెనకనుంచి హారన్ కొడితే క్లెమ్ నోట్లోని మాట కాస్తా మింగేసేవాడు. దాని గురించి ఎనిడ్ ఎవరితోనూ అనలేదు. గేటు గుంజేది మాత్రం అందుకే.

"సరే, అందరూ వినండి," అన్నాడు సిరిల్. "శుక్రవారం చర్చి హాల్లోకి కౌన్సిలు ఆవిడ వస్తోంది. ఊరు ఇరవై ఏళ్ళు నడిచిన దారయితే అది ఊరిదే, ఎవడు కొన్నా మూయడానికి లేదు. కానీ నడిచిన తీరు చూస్తారు. దొంగచాటుగా నడవకూడదు. గేట్లు విరగ్గొట్టి నడవకూడదు. ఎవర్నీ అడిగి నడవకూడదు. మూడోది మరీ ముఖ్యం."

"అడిగితే తప్పేముంది?" అందొక ముసలావిడ.

"అడిగావు, వాడు సరేనన్నాడు. అంటే అది వాడి దయ. వాడు పోతే దయా పోయింది. అడక్కుండా నడిచావనుకో, అది నీ హక్కు. ఎవరైనా పార్జెటర్ ముసలాయన్ని ఎప్పుడైనా అడిగారా?"

అందరూ తలలడ్డంగా ఊపారు. వాల్టర్ పార్జెటర్‌ను ఏం అడుగుతారు? ఆయన ఉన్నన్నాళ్ళూ గేటు తెరిచే ఉండేది, లేదా గొళ్ళెం పెట్టి ఉండేది. ఆయన పోయాకే పొలం అమ్ముడైంది.

"నేను... అడిగే... వాణ్ణి," అన్నాడు క్లెమ్.

వాన చినుకులు కోట్ల మీద టపటపమన్నాయి.

"ప్రతి... కొత్త... సంవత్సరం. సీసా... పట్టుకెళ్ళి."

సిరిల్ మొహం చూడాలి అప్పుడు. బస్సంతా నిండాక గుర్రప్పిల్లతో ఎక్కినవాణ్ణి చూసినట్టు చూశాడు.

"వాల్టర్... ఏమన్నా... డంటే..."

"ఏమంటాడు? వెళ్ళు, గేటు వేసుకో అంటాడు," అని ఎనిడ్ అతని మోచెయ్యి పట్టుకుంది. "చలికి ఏదో అంటున్నాడు, మీరేం పట్టించుకోకండి. పద క్లెమ్, తడిసిపోతున్నావ్."

రోడ్డు మలుపు తిరిగేదాకా ఆమె నోరు విప్పలేదు. తిరిగాక మూయలేదు.

"అడిగేవాడివా? ఏటేటానా? నాతో ఒక్కసారీ అనలేదేం?"

"అన్నా..."

"ఎప్పుడన్నావ్? వాల్టర్‌కి సీసా ఇచ్చొస్తా అన్నావ్. ఇచ్చొచ్చావ్. పక్కింటాయనకు పండక్కి సీసా ఇవ్వడం వేరు, చేతులు కట్టుకుని నడవచ్చా బాబూ అని నిలబడటం వేరు. నేను పంపింది జిన్ను. నువ్వు పట్టుకెళ్ళింది అర్జీ!"

"మర్... యాద..."

"ఆఁ, మర్యాద. నీ మర్యాద తగలెయ్య."

ఆ పళ్ళ జిన్ను తన చేత్తో చేసిందన్నది ఆమెను మరీ దహించింది. ఏటా మంచు పడ్డాక కంచె పొదల్లో నల్లటి పుల్లపళ్ళు కోసుకొచ్చి, ముళ్ళు గీరుకుని, ఒక్కో పండునూ సూదితో గుచ్చి, పంచదారా జిన్నూ పోసి, వారానికోసారి సీసా తిప్పి తిప్పి చేసింది. ఇరవై ఏళ్ళ హక్కును తానే సీసాలో పోసి మూత బిగించి పంపించింది. ఆల్డర్‌స్టోలో కాలు తొక్కినవాడికంటే ముందు తొక్కించుకున్నవాడే సారీ చెబుతాడు. ఆ విద్యలో క్లెమ్ రెండాకులు ఎక్కువే చదివాడు. ఆసుపత్రిలో ట్రాలీ తగిలితే ట్రాలీకి సారీ చెప్పిన మనిషి.

మర్నాడు బుధవారం, సంత. చీజు కొట్టు దగ్గర ఎనిడ్ వరసలో నిలబడి ఉండగా వెనకనుంచి, "మిసెస్ క్రాడాక్, బావున్నారా?" అని వినబడింది. హాస్లమ్. కొత్త కోటు, కొత్త బూట్లు, బురదంటని కుక్క. మనిషి చెడ్డగా ఉంటే బావుండునని ఎనిడ్ ఎన్నోసార్లు అనుకుంది. ఉండడు. వెనక వచ్చేవాళ్ళ కోసం తలుపు పట్టుకుని నిలబడతాడు, టోపీ తీస్తాడు, చర్చి కప్పుకు చందా ఇస్తాడు.

"మీవారెలా ఉన్నారు?"

"కార్ల మధ్య తిరుగుతున్నారు. మీ దయ."

"అయ్యో. నేనెవర్నీ ఆపలేదండీ. ఎవరైనా నిరభ్యంతరంగా రావచ్చు. ఆవులు రోడ్డు మీదికి పోతున్నాయని తాళం వేశానంతే. మెట్లున్నాయి కదా."

"ఆవులు మెట్లెక్కలేవు. క్లెమ్మూ ఎక్కలేడు. ఇద్దరికీ కలిపి కట్టారు."

"రెండో వైపు పట్టుకునే కర్ర పెట్టిస్తాను, చూడండి, అప్పుడు సులువు." నిజంగానే బాధపడ్డట్టున్నాడు. "శుక్రవారం వస్తాను నేను కూడా. అందరి మాటా వినాలి కదా."

"రండి. టీ ఉంటుంది," అంది ఎనిడ్. అని నాలుక కరుచుకుంది. ఆ జబ్బు తనకూ ఉంది.

చీజు ముక్క సంచిలో వేసుకుని తిరిగేసరికి గుడ్ల బండి పక్కన ఎఫీ పార్జెటర్ ఎదురుపడింది. వాల్టర్ భార్య. పొలం అమ్మి కొండ కింద చిన్న ఇంట్లోకి మారింది. అమ్మినప్పటినుంచి ఎనిడ్ ఆమెతో మాట్లాడటం లేదు. ఎనభై దాటిన మనిషి ఒంటరిగా ఆవుల్ని పిండుకోలేదని ఎనిడ్‌కూ తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం తగ్గుతుందా?

"ఎనిడ్, శుక్రవారం గురించి విన్నాను. క్లెమ్ వచ్చేవాడు కదా కొత్త సంవత్సరానికి, అప్పుడు మా వాల్టర్..."

గుడ్ల బండివాడు చెవులు రిక్కించాడు. ఇదీ మొదలెట్టిందా! సంతలో, పదిమందిలో!

"గుడ్ల ధర మళ్ళీ పెరిగింది చూశావా ఎఫీ?" అని గబగబా నడిచి వెళ్ళిపోయింది. ఎఫీ చేతిలో గుడ్ల అట్ట పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

గురువారం సాయంత్రం వంటింట్లో క్లెమ్ బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. చెక్కపలకకు మేకులు కొట్టి ఉంటాయి. దుంపను మేకులకు గుచ్చి ఎడంచేత్తో చెక్కు తీస్తాడు. ఎనిడ్ అయితే చిటికెలో తీసేస్తుంది, ఆయన తీస్తుంటే చూడలేక తల తిప్పుకుంటుంది. ఆ రోజు తిప్పుకోలేదు. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చూడు క్లెమ్. రేపు ఆవిడ అడుగుతుంది. ఎవర్నైనా అడిగారా అని. నువ్వు గుర్తులేదని చెప్పు."

క్లెమ్ చెక్కు తీయడం ఆపాడు.

"అబద్ధం కాదది. నీకు పక్షవాతం వచ్చింది. నీకు గుర్తులేదంటే ఎవరూ ఏమీ అనుకోరు. జాలిపడతారు కూడా."

"గుర్... తుంది."

"ఉంటే ఉండనీ. ఉన్నవన్నీ చెప్పాలా? నాకు నీ అక్క చేసే కూర నచ్చదని గుర్తుంది, ఎప్పుడైనా చెప్పానా?"

క్లెమ్ మొహం ఎర్రబడింది. దుంప మేకుల మీద అలాగే ఉంది. కత్తి కింద పెట్టి, ఎడంచేత్తో బల్ల మీద చిన్నగా తట్టడం మొదలుపెట్టాడు. మాట కోసం అలా తడతాడు.

"అబ... ద్ధం... చెప్పను. ఎనిడ్... వాల్టర్... ఏమ..."

"నాకు తెలుసు వాల్టర్ ఏమన్నాడో! వెళ్ళు, గేటు వేసుకో. వాల్టర్ జన్మలో అంతకంటే ఎక్కువ మాట్లాడాడా? దాన్నే సరేననడం అంటారు. దాంతోనే కొంప మునుగుతుంది!" ఆమె లేచి నిలబడింది. "నీ కోసమే కదా ఈ తిప్పలన్నీ? మెట్లెక్కలేనిది సిరిల్ కాదు, నువ్వు. నువ్వు మాట్లాడగలిగేది అక్కడొక్కచోటే. అది నీ నోటితో నువ్వే పోగొట్టుకుంటావా? మర్యాదట మర్యాద!"

బల్ల మీద తట్టడం ఆగిపోయింది. క్లెమ్ కత్తి తీసుకుని చెక్కు తీయడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత రాత్రి పడుకునేదాకా ఒక్క మాటకూ ప్రయత్నించలేదు. మాట్లాడేటప్పుడు విసుగు పుట్టించే మనిషి, మాట్లాడకపోతే అంతకు పదింతలు విసుగు పుట్టించగలడని ఎనిడ్‌కు ఆ రోజు తెలిసింది. దుంపలు ఉప్పు లేకుండా ఉడికాయి, ఇద్దరూ ఉప్పు అడగలేదు.

శుక్రవారం చర్చి హాలు తడి కోట్ల వాసనతో నిండిపోయింది. కౌన్సిలు నుంచి వచ్చిన మిస్ ఆడ్లీకి భయంకరమైన జలుబు. ప్రశ్నకొక తుమ్ము. ముందు వరసలో నెమ్మది నడక వాళ్ళు, చివర వరసలో హాస్లమ్, అతనికి రెండు కుర్చీల అవతల ఎఫీ పార్జెటర్ కూర్చున్నారు. ఎఫీని చూడగానే ఎనిడ్ మొహం తిప్పుకుంది.

సిరిల్ బల్ల ముందు కూర్చుని, ఏ ఏడు ఏ నంబరు బస్సు దిగి ఆ దారిన ఇంటికి నడిచాడో మొత్తం అప్పజెప్పాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. దొంగచాటుగా నడవలేదు. ఏదీ విరగ్గొట్టలేదు. ఎవర్నీ అడగలేదు. చర్చిలో ప్రార్థన అప్పజెప్పినట్టు అందరిదీ ఒకటే మాట. ఎనిడ్ కూడా అదే చెప్పింది. తన వరకు అది నిజమే.

"మిస్టర్ క్రాడాక్."

క్లెమ్‌ను కూర్చోబెట్టి, పక్క కుర్చీలో ఎనిడ్ కూర్చుంది.

"ఎన్నాళ్ళుగా నడుస్తున్నారండీ ఆ దారిన?"

"పెళ్ళ..."

"పెళ్ళయిన దగ్గర్నుంచీ," అంది ఎనిడ్.

"ఎంత తరచుగా?"

"రో..."

"రోజూ. ఆదివారాలు రెండుసార్లు."

మిస్ ఆడ్లీ ముక్కు తుడుచుకుంది. "మిసెస్ క్రాడాక్, ఆయన్నే చెప్పనివ్వండి. నాకేం తొందర లేదు."

ఎనిడ్ మూతి బిగించుకుంది. తొందర లేదట. ఈవిడకు తెలియదు, క్లెమ్ దగ్గర తొందర లేకపోతే తెల్లారిపోతుంది.

"ఎప్పుడైనా యజమానిని, నడవవచ్చా అని అడిగారా?"

క్లెమ్ నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచాడు. వెనక ఎవరో కుర్చీలో కదిలారు. సిరిల్ పైకప్పు వైపు చూస్తున్నాడు, అక్కడేమీ లేదు. గోడ మీద గడియారం ముల్లు కదులుతోందో లేదో అన్నంతసేపు గడిచింది. మిస్ ఆడ్లీ జాలిగా ఎనిడ్ వైపు తిరిగింది.

"బహుశా ఆయనకు గుర్తులేదేమో?"

అంతే కావాలి. అవునండీ అంటే చాలు. అబద్ధం కూడా కాదు, ఆవిడే అందించింది, అందుకోవడమే తరువాయి. హాలంతా ఎనిడ్ వైపు చూసింది. ఎనిడ్ చూపు బల్ల కిందికి పోయింది. క్లెమ్ ఎడమ కాలు కదులుతోంది. బూటు ముందుకు జరుగుతోంది, ఆగుతోంది, మళ్ళీ జరుగుతోంది. కూర్చున్నచోటే నడుస్తున్నాడు. మిల్లు పొలంలో ఏటి పక్కన నడిచినట్టే, ఒక్కో అడుగుకూ ఒక్కో మాట లాగుతున్నాడు. ఈ మనిషి దారి కోసం తాను ఆరు నెలలు ఊరంతా ఏకం చేసి, ఇప్పుడు ఆ మనిషినే ఆ దార్లో నడవనివ్వడం లేదా? ఎనిడ్‌కు సిగ్గేసింది. కోపమూ వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

"ఆయనకన్నీ గుర్తున్నాయి," అంది. "కాస్త ఆగండి."

సిరిల్ కళ్ళు మూసుకున్నాడు.

"అడి... గాను," అన్నాడు క్లెమ్. "ప్రతి... కొత్త సంవత్సరం. ఎనిడ్... చేసిన... జిన్ను... పట్టుకెళ్ళి. ఈ ఏడు కూడా... నడవచ్చా... వాల్టర్... అని."

అయిపోయింది. ముందు వరసలో ఎవరో నిట్టూర్చారు. మిస్ ఆడ్లీ కలం చకచకా కదిలింది. ఎనిడ్ చేతిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది, ఏడుపు రాకుండా కాదు, మాట రాకుండా.

"వాల్టర్... ఏమన్నా... డంటే..."

బూటు ముందుకు జరిగింది.

"ప్రతి ఏడూ... ఎందుకయ్యా... అడుగుతావ్? దారి... నాదైతే కదా... ఇవ్వడానికి? మా తాత... నాటినుంచీ... అది ఊరిది. సరే అనడానికి... నేనెవణ్ణి... అనేవాడు." క్లెమ్ ఊపిరి తీసుకున్నాడు. "అని... జిన్ను మాత్రం... పుచ్చుకునే... వాడు."

ఎవరో కిసుక్కున నవ్వారు. మిస్ ఆడ్లీ కలం ఆగింది. తుమ్ము కూడా ఆగినట్టుంది.

"ఇంకోసారి చెప్పగలరా? దారి తనది కాదన్నాడా?"

"ఊరిది... అన్నాడు. ప్రతి... ఏడూ."

"ఇంకెవరైనా విన్నారా ఈ మాట?"

వెనకాల కుర్చీ కిర్రుమంది. ఎఫీ పార్జెటర్ లేచి నిలబడింది.

"నేను విన్నాను. గ్లాసులు తెచ్చేది నేనేగా. ముసలాయన గొణిగేవాడు, క్లెమ్‌కి బుద్ధి రాదు, వాడి దారికి వాడే నన్ను అడుగుతాడు అని. అప్పటికే సగం గ్లాసు తాగేసుండేవాడు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేంటమ్మా?" సిరిల్ గొంతు హాలంతా మోగింది.

"ఎవరడిగారు? మొన్న సంతలో చెప్పబోయాను." ఎఫీ ఎనిడ్ వైపు చూసింది. "గుడ్ల ధర పెరిగిందని వెళ్ళిపోయింది."

ఎనిడ్‌కు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మిస్ ఆడ్లీ కాసేపు రాసుకుని తలెత్తింది.

"నిర్ణయం నా చేతిలో లేదు. అందరికీ ముందే చెబుతున్నాను, నెలలు పట్టొచ్చు. కానీ అడిగితే సరేననడం వేరు. అడిగినప్పుడల్లా ఇది నాది కాదు, ఊరిదని యజమానే ఒప్పుకోవడం వేరు. ఇవాళ నేను విన్నవాటిలో ఇంత గట్టిది ఇంకోటి లేదు. మిగతావాళ్ళందరూ మరీ ఒకేలా చెప్పారు." సిరిల్ దగ్గాడు. ఆమె చివర వరస వైపు చూసింది. "మిస్టర్ హాస్లమ్, తేలేదాకా తాళం తీసి ఉంచితే మంచిదేమో."

"తప్పకుండా. అయ్యో, తప్పకుండా," అన్నాడు హాస్లమ్. తాళాల గుత్తిలోంచి ఒక చెవి ఊడదీయబోయి, గోరు విరగ్గొట్టుకుని, ఎట్టకేలకు తీసి, నడిచి వచ్చి క్లెమ్ ముందు పెట్టాడు. "ఇలాంటిదొకటుందని నాకెవరూ చెప్పలేదండీ. సారీ."

"సారీ..." అన్నాడు క్లెమ్ కూడా. దేనికో భగవంతుడికే తెలియాలి.

అందరూ టీ బల్ల మీద పడ్డారు. సిరిల్ ఇదంతా తన ఎత్తుగడే అన్నట్టు తిరుగుతున్నాడు. ఎనిడ్ ఎఫీ దగ్గరికి వెళ్ళి ఏమనాలో తెలియక, ఆమె కప్పులో అడక్కుండానే రెండు చెంచాల పంచదార వేసి కలిపింది. ఎఫీ తాగింది. ఆమెకు పంచదార పడదు.

ఆ తర్వాత ఎనిడ్‌కు ఆ హాల్లో నిలబడాలనిపించలేదు. కోటు తొడుక్కుని క్లెమ్ మోచెయ్యి పట్టుకుంది.

"ఎనిడ్... నీ..."

"తర్వాత, తర్వాత. పద."

బయట వాన బాగా పడుతోంది. మెట్లు లేని పక్క దారి గుండా రోడ్డు మీదికొచ్చారు. ఎనిడ్ బుర్రలో ఒకటే మాట తిరుగుతోంది. పక్షవాతం క్లెమ్ మాటను నెమ్మది చేసిందన్నది నిజం. కానీ వాల్టర్ ఏమన్నాడో పక్షవాతానికి ముందు కూడా ఆయన దగ్గర ఉన్నదే. అప్పుడు ఆయన గడగడా మాట్లాడేవాడు. ఏటా జనవరి ఒకటిన ఇంటికొచ్చి, బూట్లు విప్పుతూ, వాల్టర్ ఏమన్నాడంటే అని మొదలుపెట్టే ఉంటాడు. ఆమె పొయ్యి మీది మాంసం చూసుకుంటూ, గేటు వేసుకొమ్మన్నాడా, సరే చేతులు కడుక్కో అని ఉంటుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఇలాంటి మాటల మిగతా సగాలు ఆయన దగ్గర ఎన్ని ఉండిపోయాయో.

"ఎనిడ్... నీ..."

ఆమె ఆగింది. అతని మోచెయ్యి వదిలి, ఎదురుగా వచ్చి నిలబడింది.

"చెప్పు."

"నీ..."

ఒక కారు నీళ్ళు చిమ్ముకుంటూ పోయింది. మేజోళ్ళు తడిసి కాళ్ళకు అంటుకున్నాయి. వెనకనుంచి సిరిల్ వస్తూ, "ఏంటటమ్మా, ఏం కావాలట?" అని అరిచాడు. ఎనిడ్ చెయ్యెత్తి అతన్ని అక్కడే ఆపింది. క్లెమ్ బూటు ముందుకు జరిగి ఆగింది. జుట్టు మీంచి నీళ్ళు ఆమె మెడలోకి కారుతున్నాయి. ఆమె తుడుచుకోలేదు. క్షమించమని అడగబోతున్నాడేమో, లేక తానే అడగాలేమో, ఏదైనా సరే, ఈసారి చివరిదాకా వినాలని పళ్ళు బిగబట్టి నిలబడింది.

"నీ... గొడుగు," అన్నాడు క్లెమ్. "హాల్లో... మరిచి... పోయావ్."

ఎనిడ్ అతని మొహంలోకి చూసింది. తల నుంచి కాలి దాకా ముద్దగా తడిసిపోయి ఉంది.

"ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా మహానుభావా!"

"ఇందాకట్నుంచీ... చెబుతూనే... ఉన్నాగా," అన్నాడు క్లెమ్.